జాదాన్ అల్లిన మోకు

జాదాన్ నా ఇంటికి గోడవతల మనిషి. బస్రాలో మా కాలవగట్టు మీద ఖర్జూరపు చెట్టెక్కే ప్రతివాడి నడుముకీ అతను అల్లిన మోకే ఉండేది. నేను ఖర్జూరపు పాకం కాచి అమ్ముకునేదాన్ని. నా పొయ్యి పొగ అతని కళ్ళలోకి వెళ్ళేది, అతను దంచే నార దుమ్ము నా పాకంలో పడేది. దాని మీద ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నాం. అది తప్ప మా మధ్య పేచీ ఏమీ లేదు. మాట తక్కువ మనిషి. నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనిపించేది. జాతికి పారశీకుడు. వాళ్ళ తాత యుద్ధంలో పట్టుబడి, విడుదలయ్యాక మా తెగ నీడన చేరాడు. అందుకే తెగపెద్ద కుర్దూస్ ఎదుట జాదాన్ ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు.

ఒక ఏడు కోతల్లో, పెద్ద తోటలో కొన్ని చెట్లు పాలుకి చేసుకునే సిమాక్ చెట్టు మీంచి పడి చనిపోయాడు. అంతవరకూ జాదాన్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ తర్వాత మాత్రం అతనికి కుదురన్నది లేకుండా పోయింది, అతన్ని చూస్తూ ఉన్నందుకు నాకూ లేకుండా పోయింది.

మా చెట్టెక్కేవాళ్ళలో ఒక ఆచారం ఉంది. కొత్త మోకు అల్లించుకునేవాడు తండ్రి వాడిన పాత మోకు తెచ్చిస్తాడు. అందులోంచి ఒక పోగు తీసి కొత్తదానిలో కలపాలి. పైన ఉన్నంతసేపూ తండ్రి చెయ్యి నడుము పట్టుకుని ఉంటుందని నమ్మకం. జాదాన్ ఆ పాత పోగుని ఎప్పుడూ అంచున, బరువు పడని చోట అల్లేవాడు. ఆ వసంతంలో చెట్లకి పుప్పొడి పట్టించే రోజులు ముంచుకొచ్చాయి. గట్టంతా మోకుల కోసం అతని గుమ్మంలో కూర్చుంది. నానబెట్టిన నార అయిపోయింది. సిమాక్ మోకు కొసన, కొయ్య తగిలించే ఉచ్చు దగ్గర, ఒక్క పోగు తక్కువ పడింది. సిమాక్ తండ్రి పోగు చేతిలో సిద్ధంగా ఉంది. దాన్ని అక్కడ వేసేశాడు. వేసేముందు బొటనవేలితో నొక్కి చూస్తే పొడి రాలింది. ఈ ఒక్క ఏడాదికీ ఆగుతుందిలే అనుకున్నాడు. వసంతంలో ఆగింది. కోతలకి తెగింది.

ఖననం దగ్గర జాదాన్ ఆ తెగిన ఉచ్చు పట్టుకుని కుర్దూస్ ముందుకొచ్చాడు.

"పెద్దయ్యా, ఈ పోగు చూడండి. దీన్ని నేను..."

"సిమాక్ ఘడియ వచ్చింది, వెళ్ళాడు," అన్నాడు కుర్దూస్. "దాన్ని ముందుకి జరపడం నీ తరమా, వెనక్కి జరపడం నీ తరమా? మధ్యలో నువ్వెవడివిరా?"

"అల్లింది నేనే కదండీ."

"అల్లించిందీ పైనున్న ఆయనే, తెంపిందీ ఆయనే. నోరు మూసుకుని మట్టి వెయ్యి."

కుర్దూస్ భక్తి ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ ఆగుతుందో నాకు బాగా తెలుసు. పొరుగువాడు తన కాలవ గట్టు తెంపినప్పుడు అది దేవుడి రాత అని ఊరుకోలేదు, కర్ర తీసుకుని వెంటపడ్డాడు. ఇప్పుడు జాదాన్ గనక తప్పు తనదంటే ప్రాణానికి పరిహారం తెగంతా కలిసి కట్టాలి. అందుకని ఆ రోజు మా గట్టు మీద రాతని నమ్మనివాడు ఒక్కడు లేడు. పలకరించడానికొచ్చిన ప్రతివాడూ జాదాన్ భుజం తట్టి, నీదేముందిరా అని వెళ్ళిపోయాడు. ఒక మనిషిని అంతమంది కలిసి నిర్దోషిని చెయ్యడం నేను అప్పుడే చూశాను. చూస్తుంటే ఒళ్ళు మండింది.

జాదాన్ అల్లడం మానేశాడు. తెల్లవారి కాలవలోకి పోటు నీళ్ళు ఎక్కే వేళకి లేచి, తోట తోటకీ తిరిగి, తను ఇదివరకు అల్లిన మోకులు అడిగి తీసుకుని ఉచ్చు ఉచ్చూ నొక్కి చూసేవాడు. మొదట్లో జనం జాలిపడ్డారు. తర్వాత విసుక్కున్నారు. పని వేళకి మోకు అతని చేతిలో ఉంటే చెట్టెలా ఎక్కాలి?

"ఏం జాదానన్నా, అల్లా మీద నమ్మకం తగ్గిందా?" అని ఒకడు ఎగతాళి చేశాడు.

"ఆయన మీద ఉంది. నా మీదే పోయింది," అన్నాడు జాదాన్, నొక్కడం ఆపకుండా.

అంతలో ఉపవాసాలు మొదలుపెట్టాడు. పొరపాటున ప్రాణం తీసినవాడు రెండు నెలలు ఎడతెగకుండా ఉండాల్సిన ఉపవాసం అది. నేను వేడి రొట్టె మీద పాకం పోసి గోడ మీద పెడితే, సాయంత్రం దాకా అలాగే ఉండి ఈగలు ముసిరేవి. కాలవలో స్నానాలు చేసేవాళ్ళు, రంజాను వెళ్ళిపోయింది అన్నా, నీకెవరూ చెప్పలేదా అని నవ్వేవాళ్ళు. కుర్దూస్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఉపవాసం ఉంటే తప్పు ఒప్పుకున్నట్టే కదా. నా గోడ దగ్గరికే వచ్చి అతన్ని నిలేశాడు.

"ఉపవాసం ఉంటే ఉండు, అజీర్తి చేసిందని చెప్పుకో. సిమాక్ పెళ్ళాం గుమ్మం మాత్రం తొక్కకు. తొక్కావంటే తెగలో నీకు నీడ ఉండదు. నువ్వూ నీ నారా ఎడారిలో కూర్చోవాలి."

నేను గోడ మీంచి తల పెట్టి, "గడువు తీరేదాకా ఆ అమ్మాయి గుమ్మం ఏ మగాడూ తొక్కడులే కుర్దూసూ, నువ్వు కూడా," అన్నాను. నన్ను చూసి దగ్గి వెళ్ళిపోయాడు.

ఆ గడువే జాదాన్ని కాల్చుకు తింది. మొగుడు పోయిన ఆడది ఇద్దత్‌లో ఉన్న నాలుగు నెలల పది రోజులూ పరాయి మగాడు వెళ్ళి మాట్లాడే వీల్లేదు. నెలలు జరగడం లేదు. రోజుకోసారి గోడ దగ్గరికొచ్చి నన్ను బతిమాలేవాడు.

"అక్కా, నా మాటగా నువ్వు చెప్పరాదూ?"

"నీ తప్పు నా నోటితో ఎందుకు? నీకు నోరు లేదా?"

"ఉంది. తెరవనివ్వట్లేదు."

ఒక శుక్రవారం అతను మసీదుకెళ్ళి పండితుల్నే అడుగుతానన్నాడు. నేను పాకం కుండ పట్టుకుని పక్క గుమ్మం దగ్గర ఎప్పటిలాగే కూర్చున్నాను. ఆ రోజుల్లో మసీదులో ఒక్కో స్తంభం దగ్గర ఒక్కో గుంపు చేరి వాదించుకునేది. నేను వాళ్ళకి రాత వాళ్ళు, చేత వాళ్ళు అని పేర్లు పెట్టుకున్నాను. మనిషి గాలికి ఊగే మట్ట, ఊపేది దేవుడే అంటారు రాత వాళ్ళు. దేవుడు న్యాయవంతుడు, చెడు ఆయన చెయ్యడు, చేసేది మనమే అంటారు చేత వాళ్ళు. ఇద్దరూ నా దగ్గరే పాకం కొంటారు, ఇద్దరూ ఇంకో చుక్క పొయ్యమంటారు.

జాదాన్ ముందు రాత వాళ్ళలో తెల్లగడ్డం పెద్దాయన దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పాడు.

"అంతా ముందే రాసి ఉంది నాయనా," అన్నాడాయన.

"పొడి రాలడం చూశానండీ. చూసీ వేశాను."

"చూడటమూ రాసుంది, వెయ్యడమూ రాసుంది."

"వేసేటప్పుడు లోపల వద్దు వద్దనిపించిందండీ. అది కూడా రాస్తే, మరి ఎందుకు రాసినట్టు? ఆపమని చెప్పడానికి కాదాండీ?"

పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. "ఇలాంటివి తవ్వకూడదు. ఇంటికెళ్ళి నిద్రపో."

"అదే పట్టట్లేదండీ."

పక్క స్తంభం నుంచి చేతవాళ్ళ కుర్రపండితుడొకడు లేచొచ్చాడు. "ఆయన మాట వినకు. చేసింది నువ్వే. చెయ్యడానికీ, మానడానికీ శక్తి నీకుంది. దీంట్లో దేవుడి మీదకి ఏ మచ్చా రాదు."

జాదాన్ మొహం విచ్చుకుంది. నెలల తర్వాత ఆ పళ్ళ సందు కనిపించింది. "అదే బాబూ నేను మొత్తుకునేది. మరి ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

కుర్రవాడు అప్పటికే పెద్దాయన వైపు తిరిగాడు. "అసలు ప్రశ్న ఏంటంటే, ఆ మోకు తెగకపోయుంటే సిమాక్ ముసలివాడయ్యేదాకా బతికేవాడా? లేక సరిగ్గా ఆ క్షణానికే మంచం మీద పోయేవాడా? చెప్పండి." అంతే, రెండు స్తంభాలూ ఒకదాని మీద ఒకటి విరుచుకుపడ్డాయి. బతికేవాడని ఒకరు, పోయేవాడని ఒకరు. తెగిన ఉచ్చు పట్టుకుని జాదాన్ వాళ్ళ మధ్య నిలబడే ఉన్నాడు. సిమాక్ ఎలాంటివాడో, ఎవరి మొగుడో అక్కడ ఒక్కరూ అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. కుండ నెత్తిన పెట్టుకుని, జాదాన్ చొక్కా చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను.

సిమాక్ భార్య ఉమైమా దగ్గరికి నేను తరచూ వెళ్ళేదాన్ని. చిన్నపిల్ల, నన్ను అత్తా అని పిలిచేది. పిల్లలు లేరు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు అంతా రాత అని, పెట్టిన ఖర్జూరాలు తిని, నీళ్ళు తాగి వెళ్ళిపోయేవాళ్ళు. ఉమైమా ఐదు పూటలా నమాజు చేసేది. కానీ నమాజు అయ్యాక అందరూ చేతులెత్తి ఏదో ఒకటి అడుక్కుంటారు కదా, తను ఎత్తేది కాదు. టక్కున చాప మడిచి లేచిపోయేది.

"ఏంటే, ఏమీ అడగడం లేదు ఆయన్ని?" అన్నాను ఒకరోజు.

"ఏమడగను అత్తా? నా మొగుణ్ణి పడేసింది ఆయనేనని ఊరంతా చెబుతోంది కదా. పన్నులు వసూలు చేసేవాడు గుర్రం మీంచి పడితే గడ్డిమోపు మీద పడ్డాడు, బట్టలు దులుపుకుని మళ్ళీ మన ఇళ్ళ మీదకే వచ్చాడు. నా మొగుడు పడితే కింద గట్టి నేల. కదల్లేని మా అమ్మని వీపున మోసి కాలవ దాటించినవాడు. అల్లా కావాలని ఇలా చేశాడంటే నాకు ఆయన మీద కోపమొస్తోంది. ఆ కోపం పెట్టుకుని ఆయన ముందే చెయ్యి ఎలా చాపను?"

"అలా అనకూడదే."

"అనట్లేదుగా. చాప మడిచేస్తున్నాను." చాప మూలన పెట్టి, "ఎవరో ఒక మనిషి వచ్చి, నేను చేశాను అంటే బాగుండు అత్తా. మనిషి మీద కోపమైతే మొయ్యగలను. ఇది మొయ్యలేను," అంది.

నేను వెంటనే వచ్చి గోడ మీంచి జాదాన్ని పిలిచాను. గడువు తీరిన రోజున వెళ్ళి చెప్పు, కుర్దూస్ నీడ పోతే నా పందిరి నీడలో కూర్చుందువుగాని అన్నాను. అతను తలూపాడు. గడువు తీరిన పొద్దున స్నానం చేసి ఉతికిన బట్ట కట్టుకుని గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ లోపలికి పోయాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పోయాడు. పొయ్యి ముందు కూర్చుని ఆ తిరుగుడు చూడలేక నా పాకం మాడింది.

అలా మూడు రోజులు గడిచాయి. అతను బయల్దేరకముందే ఉమైమా వచ్చింది. మళ్ళీ పుప్పొడి రోజులు వచ్చేశాయి. ఆడ చెట్ల పూత దొప్పలు పగిలి కొద్ది రోజులే పచ్చిగా ఉంటాయి, ఈలోపు పోతు చెట్టు పూత తెచ్చి వాటిలో పెట్టి కట్టకపోతే ఆ ఏడు కాయ లేదు. ఒక ఏడు కాయ లేకపోతే తోట యజమాని సిమాక్ చేసిన చెట్లు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. కుర్దూస్ మేనల్లుడు అవి తనకే వస్తాయన్నట్టు అప్పుడే వాటి కింద గొర్రెలు కట్టేస్తున్నాడు. ఉమైమా ఎక్కేవాళ్ళందరినీ అడిగింది. ఆ తోట రాత బాగాలేదమ్మా అని ఒక్కడూ రాలేదు. వచ్చే ఏడు అల్లా ఇస్తాడులే అన్నాడట కుర్దూస్. తన చెట్లని మాత్రం అల్లాకి వదల్లేదు, ముగ్గురు కూలీల్ని ఎక్కించాడు.

"జాదానన్నా, నాకొక మోకు కావాలి," అంది ఉమైమా వాకిట్లో నిలబడి.

"ఎవరికి తల్లీ?"

"నాకే. పుట్టింట్లో చిన్నప్పుడు ఎక్కేదాన్ని. ఎక్కడం మర్చిపోయే పని కాదుగా."

జాదాన్ లోపలికెళ్ళి ఆ తెగిన ఉచ్చు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"సిమాక్ పడింది దీనివల్ల. ఈ పోగు వాళ్ళ నాన్నది. బరువు పడే చోట వెయ్యకూడదు, నేను వేశాను. చివికిపోయిందని నాకు తెలుసు."

ఆమె వంగి తీసుకుని నొక్కి చూసింది. వేలికి పొడి అంటింది.

"తెలిసే వేశావా?"

"తెలిసే."

"ఎందుకన్నా?"

"నార అయిపోయింది. ఇంకో కట్ట నానెయ్యాలంటే ఒక పూట ఆగాలి. గుమ్మంలో జనం ఉన్నారు. ఆగలేదు."

"ఒక పూట," అంది ఉమైమా. ఇంకోసారి, "ఒక్క పూటా," అంది. ఆ ఉచ్చుని అతని గుండెల మీదకి విసిరికొట్టింది. నేల మీద కూలబడి, మొగుడు పోయిన రోజున కూడా ఏడవనంత ఏడ్చింది. జాదాన్ కదల్లేదు. నేను లేవబోయి ఆగాను. ఆ ఏడుపు ఆపేది కాదని తెలుస్తూనే ఉంది.

చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ కోపం పోయేది కాదన్నా. నేను పోయేదాకా ఉంటుంది."

"ఉండనీ తల్లీ. ఉండాల్సిందే."

"సరే. మోకు ఎప్పటికిస్తావు?"

అతను నా వైపు చూశాడు, విన్నది నిజమేనా అన్నట్టు. "ఇంత విన్నాక నా మోకా? వద్దమ్మా. అవతలి గట్టు మీద ఇంకొకాయన ఉన్నాడు, మంచి పనివాడు."

"అతన్నీ చూశాను. ఇది ఆగుతుందా అంటే, అల్లా కాపాడతాడు ఎక్కు అన్నాడు. నాకు అలాంటివాడు వద్దు. పొడి రాలితే నిద్రపట్టనివాడు కావాలి."

జాదాన్ లేచి కొత్త నార దంచి తొట్టిలో నానేశాడు. నెలల తర్వాత నా పాకంలో మళ్ళీ దుమ్ము పడింది. పోట్లాటకి పోకుండా కుండ మీద మూత పెట్టుకున్నాను. కబురు ఎలా చేరిందో గానీ కుర్దూస్ రొప్పుకుంటూ వచ్చాడు.

"చెప్పేశావా వెధవా? తెగ కొంప ముంచావా?"

"పరిహారం సంగతి తర్వాత మాట్లాడుకుందాం మావా," అంది ఉమైమా. "ముందు పూత ఎండిపోతోంది. అడ్డు లే, వెలుతురు పడట్లేదు." ఆమె పరిహారం అడుగుతుందో మానుతుందో తెలీక కుర్దూస్ పక్కకి జరిగాడు. తర్వాత చాలా రోజులు అతని నోట రాత అన్న మాట నేను వినలేదు.

జాదాన్ నార నానేదాకా ఆగాడు. మధ్యలో ఇద్దరు ముగ్గురు వచ్చి తొందరపెడితే తలెత్తనైనా లేదు. అల్లిక కొసకొచ్చాక చెయ్యి ఆపి అడిగాడు.

"సిమాక్ మోకులోంచి ఒక పోగు వెయ్యనా?"

"వెయ్యి," అంది ఉమైమా. "బరువు పడని చోట."

మర్నాడు తోటలో ముందు జాదానే ఆ మోకు నడుముకి కట్టుకుని చెట్టెక్కి, మధ్యలో చేతులు వదిలేసి, వెనక్కి వాలి, పొద్దెక్కేదాకా వేలాడాడు. వయసు మీరిన మనిషి. కింద నుంచి జనం, పండు ముగ్గిందా అన్నా, దింపమంటావా అని ఒకటే నవ్వు. దిగి, ఉచ్చు నొక్కి చూసుకుని, అప్పుడు ఉమైమా చేతికిచ్చాడు. ఆమె పోతు పూత కట్ట వీపున కట్టుకుని ఎక్కింది. మొదట కాలు జారింది. మోకు బిగిసింది, నిలబడింది. జాదాన్ కింద రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"ఆ చేతులతో పట్టుకుంటావా ఏంటి అంత మనిషిని?" అన్నాను.

"పట్టుకోలేనక్కా," అన్నాడు. చేతులు మాత్రం దించలేదు. పైనుంచి ఎండు మట్టలు పడుతున్నా పక్కకి జరగలేదు, గడ్డమంతా పుప్పొడి అయింది.

మధ్యాహ్నం నమాజు వేళకి ఉమైమా దిగింది. కాలవలో కాళ్ళూ చేతులూ కడుక్కుని చెట్టు కిందే చాప వేసుకుంది. నమాజు అయింది. చాప మడవలేదు. ముళ్ళు గీరుకుపోయిన చేతులు రెండూ ఎత్తి చాలాసేపు కూర్చుంది. లేచాక నేను ఉండబట్టలేక అడిగాను.

"ఏమడిగావే ఇన్నాళ్ళకి?"

"మోకు తెగకూడదని."

"అది అల్లినవాడు జాదాన్ కదే. అల్లాని ఎందుకు అడగడం?"

"జాదానన్నని అడగాల్సింది ముందే అడిగేశాను అత్తా," అని, మోకు తీసుకుని రెండో చెట్టు దగ్గరికి నడిచింది. మోకుకి ఆమె నడుము ఆనించేలోపే జాదాన్ వెళ్ళి ఆ ఉచ్చుని మళ్ళీ నొక్కి చూస్తున్నాడు.